పాత పార్టు చూపిస్తారా?

కారు మెకానిక్ దగ్గర వదిలేసి వచ్చినవాళ్లు మామూలుగా అనే మాట ఒకటుంది: "మనకేం తెలుసు, నమ్మకం మీద వదిలేశాం." ఇందులో రెండు ముక్కలున్నాయి. ఒకటి తెలియకపోవడం, రెండోది నమ్మకం. పక్కపక్కన ఎంత సులువుగా ఇమిడిపోయాయంటే, మొదటిదాని వల్లే రెండోది వచ్చిందేమో అనిపిస్తుంది. నా అనుమానం వేరే. మొదటి ముక్క పూర్తిగా నిజమైతే రెండో ముక్క నిజం కావడం కష్టం. నమ్మాలంటే, కావాలంటే నమ్మకుండా ఉండే వీలు కూడా మనకి ఉండాలి కదా. ఆ వీలే లేనివాడు నమ్ముతున్నాడా, వేరే దారి లేక ఊరుకుంటున్నాడా?

మన రోజంతా ఇలాంటి అప్పగింతల మీదే నడుస్తుంది. రక్తపరీక్ష కాగితం డాక్టరుకి, దస్తావేజు రైటరుకి, ఫోను రిపేరు షాపువాడికి ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడతాం. అన్ని విద్యలూ నేర్చుకోవడం ఎవరివల్లా కాదు. "తెలుసుకోకుండా ఎవరినీ నమ్మకు" అని సలహా ఇచ్చేవాడికి బతకడం ఎలాగో తెలియదనే అనుకోవాలి. అయితే ఈ అప్పగింతల్లో కొన్నింటిని మూత తీసి లోపల చూసుకోవచ్చు. కారు అలాంటిది. చూడాలన్న కుతూహలం నాకు ఎప్పుడూ లేదు. డబ్బు చాలక చూడాల్సి వచ్చింది. అలా గతిలేక నేర్చుకున్న చదువు మనిషికి ఏం ఇస్తుంది, ఏం చేసే హక్కు మాత్రం ఇవ్వదు అన్నదే ఇక్కడ నా ప్రశ్న.

మేం తిరుపతిలో ఉంటాం. నేను చిత్తూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. నాన్నకి వేలూరులో వెన్నెముక ఆపరేషన్ అయింది. మా వైపు పెద్ద జబ్బంటే వేలూరే. చిత్తూరు నుంచి 40 కిలోమీటర్ల లోపే, భాష మారుతుందంతే. తిరుపతి నుంచైతే వంద దాటుతుంది. ఆపరేషన్ తర్వాత నెలకోసారి చూపించుకోవాలి. ఆయన బస్సులో అంతసేపు కూర్చోలేడు, ప్రతిసారీ టాక్సీ మాట్లాడితే నా జీతం ఆగదు. అందుకని నాలుగు చేతులు మారిన ఒక చిన్న పెట్రోలు కారు కొన్నాం. మొదటి ఏడాది రిపేర్ల ఖర్చు కారు కొన్న ధరలో సగం దాటింది.

షెడ్డుకి వెళ్తే ఇంకో సంగతి ఉండేది. బండి నడిపేది నేను, శబ్దం విన్నది నేను, డబ్బు ఇచ్చేది నేను. కానీ అడిగిన ప్రశ్నకి జవాబు వెనక సీట్లో నడుముకి బెల్టు కట్టుకుని కూర్చున్న నాన్నకి వెళ్లేది. "పంపు పోయింది సార్, మార్చేద్దాం." నాన్న నావైపు చూసేవాడు. నేను పర్సువైపు చూసేదాన్ని. ఆ మెకానిక్ మోసం చేశాడని నేను అనను, ఎందుకంటే చేశాడో లేదో చెప్పే స్థితిలోనే నేను లేను. అసలు సమస్య అదే. మంచివాడు, చెడ్డవాడు ఇద్దరూ నాకు ఒకేలా కనపడే చోట నిలబడి ఉన్నాను. అక్కడ నిలబడ్డవాళ్లు మంచివాడికి కూడా అన్యాయమే చేస్తారు. అనుమానం వస్తే ఇద్దరినీ ఒకే కంటితో చూస్తారు.

నేర్చుకోవడం మొదలైంది చాలా చిన్నగా. ఒక చవక మల్టీమీటరు, ఎనిమిది నుంచి పధ్నాలుగు నంబరు దాకా స్పానర్లు, ఒక ప్లగ్ స్పానరు, పాత బనియన్లు. బండి స్టార్ట్ కాకపోతే అడగాల్సినవి మూడే ప్రశ్నలు: కరెంటు అందుతోందా, పెట్రోలు అందుతోందా, గాలి అందుతోందా? ఒక్కోదాన్నీ విడదీసి చూసుకుంటూ పోవాలి. బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. ఇంజన్ ఆన్‌లో ఉన్నప్పుడు 14 దగ్గరలో చూపిస్తే ఆల్టర్నేటర్ చార్జ్ చేస్తున్నట్టు. రెండు అంకెలంతే. ఈ రెండు అంకెలు తెలిసిన రోజు నుంచి "బ్యాటరీ పోయింది" అన్న మాట నాకు తీర్పులాగా వినపడటం మానేసింది. అది సరిచూసుకోదగ్గ మాట అయింది.

తిరుపతి బ్యాటరీల ఊరు కూడా. 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీలు తయారుచేసేది కరకంబాడిలోనే. మా వీధిలోనే అక్కడ పనిచేసేవాళ్లున్నారు. శ్రీసిటీలో ఇసుజు బండ్లు తయారవుతాయి. దాని పక్కన చినపాండూరులో అపోలో టైర్లు తయారవుతాయి. బండికి కావాల్సినవి ఇన్ని తయారయ్యే జిల్లాలో బండి ఆగిపోతే బానెట్ ఎత్తి ఊరికే నిలబడిపోయేవాళ్లమే ఎక్కువ. ఎత్తడం మాత్రం అందరం ఎత్తుతాం. లోపల ఏం చూడాలో తెలియకపోయినా, చూడకుండా ఉండటం మర్యాద కాదన్నట్టు.

రిపేరు పనిలో ఉన్న ఆనందం గురించి పుస్తకాలున్నాయి. 1974లో వచ్చిన రాబర్ట్ పిర్సిగ్ 'జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్' మనలో చాలామంది కాలేజీ రోజుల్లో చదివిందే, లేదా చదివినట్టు చెప్పుకున్నదే. అందులో కథకుడు తన బండిని తనే చూసుకుంటాడు. అతని స్నేహితుడు మంచి ఖరీదైన బండి కొనుక్కుని, దాని లోపలి సంగతి తనకి పట్టకూడదని కోరుకుంటాడు. పుస్తకంలో ఈ తేడా రెండు స్వభావాల మధ్య తేడా. ఇద్దరూ ఎంచుకునే స్థితిలో ఉన్నారు. మా దగ్గర ఎంపిక స్వభావాన్ని బట్టి రాదు. వచ్చే మంగళవారం వేలూరులో అపాయింట్‌మెంట్ ఉంది, బండి తెరిచి పెట్టి ఉంది, ఇరవయ్యో తారీఖు దాటితే గానీ జీతం పడదు. అభిరుచి ఉన్నవాడు పని సగంలో ఆపి టీ తాగొచ్చు. అవసరం ఉన్నవాడి పనికి గడువుంటుంది. నాకు ఆ పనిలో ధ్యానం లాంటిదేమీ దొరకలేదు. శ్రద్ధ మాత్రం దొరికింది. భయం పక్కన కూర్చుని నేర్పించిన శ్రద్ధ అది.

ఇదే పనికి మన మధ్యతరగతి వీధిలో రెండు పేర్లున్నాయి. "డీఐవై చేస్తున్నా" అంటే గౌరవం. "డబ్బుల్లేక నేనే చేసుకుంటున్నా" అంటే జాలి. చేతికి అంటిన గ్రీజు ఒక్కటే, బ్యాంకు బ్యాలెన్సుని బట్టి దాని అర్థం మారిపోతుంది. మా ఎదురింటావిడ మొదట్లో, "చదువుకున్నదానివి, నీకెందుకమ్మా ఈ మసి పని" అంది ప్రేమగానే. ఆ ప్రేమలో ఒక లెక్క దాగుంది. ఈ మసి ఎవరో ఒకరి చేతికి అంటాలి, చదువుకున్నవాళ్లకి మాత్రం అంటకూడదు. ఆ 'ఎవరో ఒకరు' ఎవరన్నది ఆ మాటలో ఉండదు. ఉండాల్సిన పని కూడా లేదు, అందరికీ తెలుసు.

ఇక్కడ నాకు గాంధీ గుర్తొస్తాడు, చరఖా తిప్పే గాంధీ కాదు, దక్షిణాఫ్రికాలో లాయరుగా ఉన్న గాంధీ. ఖర్చు తగ్గించుకోవడానికి బట్టలు తనే ఉతుక్కోవడం నేర్చుకున్నాడు. గంజి ఎక్కువైన కాలర్‌తో కోర్టుకి వెళ్లి నవ్వులపాలయ్యాడు. ప్రిటోరియాలో ఒక తెల్ల బార్బర్ ఆయనకి జుట్టు కత్తిరించనన్నాడు. కత్తెర మిషను కొనుక్కుని అద్దం ముందు నిలబడి తనే కత్తిరించుకున్నాడు. వెనకవైపు పాడైంది, ఎలుకలు కొరికాయా అని తోటి లాయర్లు ఎగతాళి చేశారు. ఈ కథని మనం స్వావలంబన కథగా చెప్పుకుని ఆపేస్తాం. ఆత్మకథలో ఆయన అక్కడ ఆగలేదు. ఆ బార్బర్‌ని తప్పుపట్టలేనని అంటాడు. నల్లవాళ్లకి కత్తిరిస్తే అతని గిరాకీ పోతుంది. మన దేశంలో మన బార్బర్లని అంటరానివాళ్లుగా చూసేవారికి జుట్టు కత్తిరించనిస్తున్నామా అని తనవైపు తిరుగుతాడు.

నాకు ఆ మలుపు ముఖ్యం. అవసరం కొద్దీ తన పని తను చేసుకున్న మనిషి "నాకిక ఎవరితో పనిలేదు" అనే చోటికి చేరొచ్చు. లేదా ఇన్నాళ్లూ ఆ పని చేస్తూ వచ్చినవాళ్ల చోటు కనపడొచ్చు. స్పానరు రెండు దారులకీ పనికొస్తుంది.

మా వీధి చివర షెడ్డు నడిపే భాయ్ దగ్గర నాకు కనపడింది ఆ రెండో దారి. ఆయనకి యాభై దాటాయి. పదేళ్ల వయసులో చిత్తూరులో ఒక ఉస్తాద్ దగ్గర చేరానని చెప్తాడు. మొదటి రెండేళ్లు స్పానర్లు అందించడం, టీ తేవడం, దెబ్బలు తినడం. నంబరు అడిగిన వెంటనే అందించకపోతే అదే స్పానరు చేతివేళ్ల మీద పడేదట. ఇప్పుడు 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకోవడమైనా నేరం. 2016 సవరణ తర్వాత చట్టం అలా ఉంది. భాయ్ దగ్గర ఉన్న కుర్రాడికి పద్దెనిమిది నిండాయి, అంతకంటే చిన్నవాళ్లని ఆయన రానివ్వడు. "నాకు పడినట్టు వీడికి పడగూడదు" అంటాడు. భాయ్‌ది గతిలేని చదువే, నాదీ గతిలేని చదువే. నా చదువు వ్యాసం అవుతోంది. ఆయన చదువుకి సర్టిఫికెట్ కూడా లేదు. రెంటినీ ఒకే మాటతో పిలవడానికి నాకు నోరు రాదు.

పని చేతికి వచ్చాక మారినవాటిలో ఒకటి బేరం. రేడియేటర్ గొట్టం మార్చడానికి నాకు ఒక ఆదివారం మధ్యాహ్నం పూర్తిగా పట్టింది. క్లిప్పు తుప్పుపట్టి ఊడి రాదు, చెయ్యి దూరే సందు ఉండదు, పాత కూలెంటు మోచేతి మీదుగా కారుతుంది. అదే పని కుర్రాడు ఇరవై నిమిషాల్లో చేస్తాడు. "ఇరవై నిమిషాల పనికి నాలుగొందలా?" అని అడిగే నోరు ఆ ఆదివారం తర్వాత లేవదు. ఆ ఇరవై నిమిషాల వెనకున్న సంవత్సరాలకి కూడా డబ్బు ఇస్తున్నామని అప్పుడు అర్థమవుతుంది. ఇదే చదువుకి ఇంకో ముఖం కూడా ఉంది. నిజంగా అక్కర్లేని పనికి బిల్లు రాస్తే అది కూడా కనపడుతుంది. న్యాయమైన ధర అనేది రెండువైపులా తెలిసినవాళ్ల మధ్యే కుదురుతుంది. ఒకవైపే తెలిస్తే ఆ ధర అతని మంచితనం మీద ఆధారపడుతుంది. రోజూ మంచితనం చూపించాల్సిన బరువుని ఒక మనిషి మీద పెట్టడం కూడా అన్యాయమే అనిపిస్తుంది నాకు.

ఇంతవరకూ కథ సాఫీగానే ఉంది. అవసరం నేర్పింది, నేర్చుకున్నది మనిషిని కాస్త నిటారుగా నిలబెట్టింది. చిక్కు బ్రేకుల దగ్గర వచ్చింది.

తిరుపతిలో కారున్నవాళ్లకి చుట్టాలు ఎక్కువ. ఎవరొచ్చినా కొండకి తీసుకెళ్లాలి. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో. ఇప్పుడు రెండోదాని మీద ఎక్కుతాం, మొదటిదాని మీద దిగుతాం. ఎక్కేటప్పుడు ఇంజన్‌కి పరీక్ష. అందులో తప్పితే పొగలు కక్కి పక్కన ఆగుతుంది, మనం దిగి నిలబడతాం. దిగేటప్పుడు పరీక్ష బ్రేకులకి. కొండపైకీ తిరుపతికీ ఎత్తులో తేడా దాదాపు 700 మీటర్లు. వెయ్యి కిలోల బండి అంత ఎత్తు నుంచి దిగేటప్పుడు వదిలించుకోవాల్సిన శక్తితో ఇరవై లీటర్లకు పైగా నీళ్లని మరిగించొచ్చు. గేరు సాయం తీసుకోకుండా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడిలో ఎక్కువ భాగం చక్రాల దగ్గర పోగవుతుంది. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమంటారు కొండ డ్రైవర్లు.

బ్రేకు ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన ఆయిల్‌కి ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు వస్తాయి. ద్రవం నలగదు, అందుకే మన కాలి బలం చక్రం దాకా వెళ్తుంది. ఆవిరి నలుగుతుంది. పెడలు మెత్తగా కిందికి పోతుంది, బండి మాత్రం పోతూనే ఉంటుంది. అలిపిరి దగ్గర సంచులు, సీట్లు తనిఖీ చేస్తారు గానీ ఆయిల్ ఎన్నేళ్లదో ఏ స్కానరుకీ కనపడదు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకి ఇస్తారు, ఆ తర్వాతే ఫిట్‌నెస్ చూసి ఐదేళ్లు పొడిగిస్తారు. ఈ మధ్యకాలమంతా నా బ్రేకులకి కాపలా నా మనస్సాక్షి ఒక్కటే.

మా బండి బ్రేకు ప్యాడ్లు అరిగాయి, ఆయిల్ నల్లబడింది. ఆ నెల చేతిలో డబ్బు లేదు. పని ఎలా చెయ్యాలో తెలుసు, సామాను కొనడానికి మాత్రం సరిపోతుంది. వచ్చే వారం చుట్టాలు వస్తున్నారు. చెయ్యొచ్చా?

నా బండి, నా ఇష్టం అనే వాదన ఇక్కడ రెండు అడుగులు కూడా వెయ్యదు. రేడియేటర్ గొట్టం ఊడిపోతే నష్టం నాకే. బ్రేకు పోతే నా ముందున్న జీపులో పదిమంది ఉంటారు, గుండు కొట్టించుకుని నిద్రపోతున్న పిల్లలు ఉంటారు. నా అవసరాన్ని వాళ్లు మోయడానికి ఒప్పుకోలేదు. పేదరికం నన్ను క్షమించొచ్చు, కానీ నేను వాళ్ల మీద పెట్టిన ప్రమాదాన్ని అది తగ్గించదు.

అలాగని "బ్రేకుల పని నిపుణులకే వదిలేయాలి" అన్న వాదన కూడా పైకి కనపడేంత శుభ్రంగా లేదు. డబ్బు లేనివాడికి ఆ మాట వినిపించేది ఇలా: ఇప్పుడు చేయించలేవు కాబట్టి వచ్చే నెల దాకా అరిగిన ప్యాడ్లతోనే తిరుగు. రోడ్డు మీద ఉన్న చాలా బండ్ల బ్రేకులు చేతకానివాళ్లు విప్పి పాడుచేసినవి కావు, ఎవరూ విప్పక పాడైనవి. సొంత రిపేరు ప్రమాదమే. వాయిదా కూడా ప్రమాదమే, కాకపోతే దాన్ని ఎవరూ నిర్లక్ష్యం అనరు, ఇబ్బంది అంటారు. బండి కదపకుండా ఇంట్లో పెట్టడమే నీతి అని ఇంకొకరు అనొచ్చు. చుట్టాల విషయంలో ఆ మాట సరిపోతుంది, బస్సులున్నాయి. నాన్న నడుము విషయంలో సరిపోదు.

భాయ్‌ని అడిగాను. ఆయన వెంటనే వద్దనలేదు.

"ఇంజనాగిపోతే బండి నిలబడిపోతాది టీచరమ్మా. బ్రేకు పోతే నిలబడదు. రెండూ ఒకటి గాదు. నువ్వు సేస్తానంటే సెయ్యి. నా ముందర సెయ్యి."

ఒక శుక్రవారం నమాజుకి వెళ్లొచ్చాక షెడ్డు పక్కన చెట్టు కింద పెట్టాం. జాకీ మీదే నమ్మకం పెట్టకుండా కింద స్టాండు పెట్టించాడు. చక్రం విప్పి, క్యాలిపర్ బోల్టులు విప్పి, పిస్టన్ లోపలికి నొక్కి, కొత్త ప్యాడ్లు నేనే పెట్టాను. ఆయన స్టూలు మీద కూర్చుని చూశాడు. ఆయిల్ మార్చేటప్పుడు మాత్రం చూస్తూ కూర్చోవడం కుదరలేదు. గొట్టాల్లో గాలి లేకుండా తీయాలంటే, మా దగ్గరున్న సామానుతో, ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర నిపుల్ వదులు చేసి బుడగలు పోనిచ్చి మళ్లీ బిగించాలి. బిగించకముందే పైన కాలు తీస్తే గాలి తిరిగి లోపలికి పోతుంది. వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాం. కింద నుంచి నేను "తొక్కండి" అంటే ఆయన "పట్టుకున్నా" అనాలి. అప్పుడు నేను విప్పాలి. బిగించి "వదలండి" అనాలి. నాలుగు చక్రాలకీ ఇదే మంత్రం. నాకు ఆయన కాలు కనపడదు, ఆయనకి నా చెయ్యి కనపడదు.

అయిపోయాక ఆయన ఒక్కో బోల్టూ చేత్తో తడిమి చూశాడు. రెండిటిని టార్చి వేసి మళ్లీ చూశాడు. తర్వాత తనే స్టీరింగు దగ్గర కూర్చుని, నన్ను పక్కన కూర్చోమని, సందులో మెల్లగా పోనిచ్చి ఆపాడు. రోడ్డు మీద కొంచెం వేగంగా పోనిచ్చి ఆపాడు. తిరిగొచ్చాక ఎంత ఇవ్వమంటారని అడిగితే మూడొందలు అన్నాడు. చేతిపనికి కాదు, కన్నుకి. చేయించుకుంటే దానికి నాలుగింతలయ్యేది.

ఆ రోజు జరిగినదాన్ని ఏమని పిలవాలా అని చాలాసార్లు ఆలోచించాను. స్వావలంబన అనడానికి లేదు, పెడలు మీద ఆయన కాలుంది. ఆయన మీద ఆధారపడ్డానని కూడా అనలేను, విప్పి బిగించింది నేను. మొదట్లో నాకు దొరకని మాట ఇక్కడ సరిపోతుందనుకుంటాను. నమ్మకం. నేను బిగించిన బ్రేకు మీద ఆ మనిషి తన ప్రాణం పెట్టి బండి నడిపాడు. గుడ్డిగా కాదు, ఒక్కో బోల్టూ తడిమి చూశాక. తడిమి చూడటం నా మీద అనుమానం అయితే నేను చిన్నబుచ్చుకోవాలి. నాకు గౌరవంగా అనిపించింది. చూసి నమ్మేవాడు మన పనిని చూస్తాడు, చూడకుండా నమ్మేవాడు దాన్ని పట్టించుకోడు.

అవసరం ఇచ్చే హక్కు గురించి నాకు అందిన జవాబు కూడా ఇదే. నష్టం నాకే పరిమితమైన చోట అవసరం నన్ను ఒంటరిగా నేర్చుకోనిస్తుంది. పాడు చేసుకుంటే నాదే. నష్టం ఇతరుల శరీరాల దాకా వెళ్లే చోట అదే అవసరం నన్ను ఇంకొకరి కన్ను కిందికి పంపాలి. ఆ కన్నుకి డబ్బు పెట్టలేనంత ఇబ్బంది ఉన్నవాళ్లు కూడా ఉంటారని తెలుసు. వాళ్ల విషయంలో తప్పు వాళ్ల స్పానరులో వెతకడం నాకు చేతకాదు. మూడొందల కన్ను అందుబాటులో లేని ఊరు ఎలా తయారైందో అడగాలి.

ఆ కన్ను ఇక ముందు ఎంతకాలం ఉంటుందన్నది ఇంకో ప్రశ్న. తెలుగు ఇంట్లో పుట్టిన కోయంబత్తూరు జి.డి. నాయుడు (1893–1974) కథ చాలామందికి తెలుసు. బడి చదువు పెద్దగా లేదు. హోటల్లో సర్వరుగా పనిచేసి కూడబెట్టిన డబ్బుతో ఒక మోటార్‌సైకిల్ కొని, దాన్ని విప్పి మళ్లీ బిగించి యంత్రాల సంగతి నేర్చుకున్నాడు. 1920లో ఒక బస్సుతో పొళ్లాచ్చి–పళని మధ్య సర్వీసు మొదలుపెట్టాడు. తర్వాత ఎన్నో యంత్రాలు తయారుచేశాడు. ఈ కథ చెప్పేటప్పుడు ఆయన తెలివి గురించే మాట్లాడతాం. ఆ మోటార్‌సైకిల్ గురించి ఎవరూ మాట్లాడరు. అది విప్పడానికి ఒప్పుకునే యంత్రం. ఒక సర్వరు స్పానరుతో తెరిస్తే లోపల ఉన్నదంతా కంటికి కనపడే యంత్రం.

ఇప్పటి కారు అంత తేలిగ్గా ఒప్పుకోదు. లోపలి లోపాన్ని కంప్యూటర్ ఒక కోడ్‌గా రాసుకుంటుంది. ఆ కోడ్ పూర్తిగా చదవాలంటే కంపెనీ స్కానరు కావాలి, సర్వీసు మాన్యువల్ కావాలి. బయటి మెకానిక్‌లకి స్పేర్‌పార్టులు, ఈ పనిముట్లు దొరక్కుండా చేస్తున్నారని 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి మొత్తం దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద ఒక కమిటీ వేసింది. అది ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలు ఒకటి. ఆ డిసెంబరులో ఒక పోర్టల్ కూడా వచ్చింది. భాయ్ షెడ్డులో మాత్రం ఇప్పటికీ చవక స్కానరే ఉంది. కొన్ని కొత్త బండ్ల దగ్గర అది తెల్లమొహం వేస్తుంది. "నా దగ్గర కాదమ్మా, షోరూముకి తీసుకుపో" అని ఆయన అనడం ఈ మధ్య ఎక్కువైంది. నలభై ఏళ్ల చెయ్యి అలా అంటుంటే వినడం బాగుండదు.

కొత్త బండ్లకి కారణాలున్నాయి. పొగ తగ్గింది, ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ వచ్చాయి. పాత కార్బొరేటర్ రోజుల కోసం కన్నీళ్లు పెట్టుకోవాలని నేను అనను. కానీ సురక్షితంగా ఉండటం, తాళం వేసి ఉండటం ఒకటే కాదు. తాళం వేసిన బండి ముందు డబ్బున్న మనిషి షోరూము సోఫాలో కాఫీ తాగుతూ "నమ్మకం మీద వదిలేశాం" అంటాడు. డబ్బు లేని మనిషికి ఆ సోఫా ఉండదు, నేర్చుకుని బయటపడే దారి కూడా ఉండదు. మొదట అడిగిన ప్రశ్న అప్పుడు అందరిదీ అవుతుంది. నమ్మకుండా ఉండే వీలు ఎవరికీ లేని చోట నమ్మకం అన్న మాట దేనికి మిగులుతుంది?

ఇప్పుడు నేను కూడా చాలా పనులు షెడ్డులోనే చేయిస్తాను. క్లచ్ పని నావల్ల కాదు, ఇంజన్ దించే పని అసలే కాదు. పని అయ్యాక "పాత పార్టు చూపిస్తారా?" అని అడుగుతాను. ఈ మాట అనుమానంతో అడగొచ్చు, చాలామంది అలాగే అడుగుతారు, మెకానిక్‌లు నొచ్చుకుంటారు. తెలిసి అడిగితే అదే మాటకి వేరే జవాబు వస్తుంది. మొన్న కుర్రాడు పాత క్లచ్ ప్లేటు తెచ్చి, వేలితో రాసి, ఎక్కడ కాలిందో, రివెట్లు ఎక్కడ బయటపడ్డాయో చూపించి, "చూడక్కా, ట్రాఫిక్‌లో సగం క్లచ్ మీద కాలు పెట్టుకునే నడపతా ఉండావు" అన్నాడు. నాన్న వెనక సీట్లోనే ఉన్నాడు. కుర్రాడు ఆయనవైపు చూడలేదు.